పూట ఇల్లు

ఐదో ఇంట్లో మంచం కింద పిల్ల చెప్పు ఒకటి మిగిలిపోయింది. నూకరత్నం వంగి దాన్ని తీసి, తూర్పు నడవలో నిలబడ్డ పిల్ల చేతికిచ్చి, మళ్లీ గది మధ్యకు వచ్చి నాలుగు మూలలూ చూసింది. రాత్రి కుటుంబం సామానంతా అప్పటికే గోడ అరల్లోకి మడతపడింది. పైకప్పు సందుల్లోంచి యంత్రం వదిలే మాపుగాలి వీస్తూ వాళ్ల పులుసు వాసననీ, తలనూనె వాసననీ తుడిచేస్తోంది. ఆమె మెడలోని సాక్షిబిళ్లను నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"నాలుగో వరుస, ఐదో ఇల్లు. ఖాళీ."

"నమోదైంది," అంది బిళ్లలోంచి గడపలెక్క, కాలనీ తలుపులు నడిపే యంత్రం.

వరుసకు పన్నెండు ఇళ్లు. ఉదయం ఆరుకు రాత్రి కుటుంబాలు తూర్పు తలుపుల్లోంచి బయటికి వెళ్తాయి. పన్నెండు ఇళ్లూ సాక్షి తిరిగి చూసి, పన్నెండుసార్లు ఖాళీ అన్నాక పడమటి తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. పడమటి నడవలో కాచుకున్న పగటి కుటుంబాలు లోపలికొస్తాయి. సాయంత్రం ఆరుకు ఇదే తిరగేసి జరుగుతుంది. ఇంటికి ఇద్దరు యజమానులు. ఇద్దరికీ పట్టా ఉంది, పట్టా మీద ప్రభుత్వ ముద్ర ఉంది. ఒకరి మొహం ఒకరు చూడకూడదన్నది పట్టాలో మూడో షరతు.

యంత్రమే చూసుకోగల పనికి మనిషెందుకని మొదట్లో చాలామంది అడిగారు. ఒకరి ఇంటిని మరొకరి స్వాధీనం చెయ్యాలంటే మనిషి కళ్లతో చూసి నోటితో చెప్పాలని పాత చట్టంలో ఎక్కడో ఉండిపోయింది. దాన్ని మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు. అలా పుట్టిన ఉద్యోగం గడపసాక్షి. నూకరత్నం తొమ్మిదేళ్లుగా నాలుగో వరుసకు సాక్షి.

పన్నెండో ఇల్లు అయింది. పడమటి తలుపులు తెరుచుకున్నాయి. లోపలికొచ్చిన వాళ్లకు ఇల్లిల్లూ స్వాధీనమని చెప్పుకుంటూ వెనక్కి వస్తుంటే, ఏడో ఇంటి గుమ్మంలో, ఇల్లు తమది కాని పూట జనం తలదాచుకునే విడిది వాళ్ల చక్రాల మంచం అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాని మీద మైలపల్లి దేముడమ్మ. మంచం తలవైపు పట్టుకుని ఆమె కూతురు చిన్నతల్లి. రాత్రంతా శీతలశాలలో చేపల పెట్టెలు మోసి వచ్చినట్టుంది, కనురెప్పల మీద ఇంకా తెల్లటి మంచు పొడి ఉంది.

"ఒక చెయ్యెయ్యప్పా," అంది చిన్నతల్లి.

ఇద్దరూ కలిసి ముసలామెను ఎత్తి, గోడలోంచి బయటికి జారిన మంచం మీద పడుకోబెట్టారు. దేముడమ్మలో బరువు లేదు. ఊపిరి మాత్రం చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది.

"విడిదిలో డాక్టరమ్మ సెప్పీసింది," అంది చిన్నతల్లి గొంతు తగ్గించి. "ఈయాల కాపోతే రేపు పొద్దున్న అంట. మందులు కూడా ఇంక ఒద్దంది."

నూకరత్నం దేముడమ్మ కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"సాయంత్రం మళ్లీ కదిపితే దార్లోనే పోద్దప్పా. విడిది మంచం మీద, అటూ ఇటూ తెలీనోళ్ల మజ్జిన. ఈ ఒక్క రేత్రికి ఇక్కడుండనీ."

"నా చేతిలో ఏటుంది చిన్నతల్లీ."

"నువ్వు ఖాళీ అంటేనే కదా తలుపు తెరుసుకునేది."

దేముడమ్మ కళ్లు తెరిచింది. "ఎవరే అది? సాక్షమ్మా? కూకోమను," అంది. తర్వాత కళ్లు మూసుకుంది.

ఆమె ఊరు సముద్రంలో కలిసిపోయినప్పుడు దేముడమ్మకు యాభై నాలుగేళ్లు. తర్వాత పదకొండేళ్లు గుడారంలో బతికింది. నిడుగట్టు కొండ కాలనీలో నాలుగో వరుస కట్టి తాళం చేతిలో పెట్టిన రోజు, ఆమె ఇల్లంతా తిరిగి చూసి, మిగతా సగం ఎవరిదని అడిగింది. చెప్పకూడదంది నూకరత్నం. పిల్లలున్నారా అని అడిగింది. అదీ చెప్పకూడదంది. "పోనీలే. ఉంటే మంచిదే," అని ఆమె గోడ తడిమి చూసింది. అప్పటినుంచి ప్రతిరోజూ ఉదయం ఆరుకు ఇంటికొచ్చి, సాయంత్రం ఆరుకు ఇల్లొదిలి విడిదికి వెళ్లేది. ఈ ఆరు నెలలుగా మంచం మీద వచ్చి మంచం మీద వెళ్తోంది.

"నాలుగో వరుస, ఏడో ఇల్లు. స్వాధీనం," అంది నూకరత్నం.

"నమోదైంది."

*

పూట కార్యాలయం కొండ నడుమ ఉంది. పూట అధికారి సన్యాసిరావు ఆమె చెప్పిందంతా మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. చెడ్డవాడు కాదు. అతనిదీ రెండో వరుసలో రాత్రి సగమే. మధ్యాహ్నాలు కళ్లు మండుతుంటే తడి చేతిరుమాలు మొహాన వేసుకుని ఇదే బల్ల మీద తల వాల్చడం ఆమె చూసింది.

"పూటమార్పు ఆపమని నిలుపు దరఖాస్తు పెట్టిస్తాను," అన్నాడు. "మూడు రోజుల్లో జవాబొస్తుంది."

"మూడు రోజులు ఆగదండి ఆవిడ."

"తెలుసు. కానీ ఆవిడ ఆ రాత్రి అక్కడ ఉంటే, రాత్రి వాళ్ల హక్కులో పన్నెండు గంటలు నేను తీసి ఇచ్చినట్టు. ఏ అధికారంతో ఇవ్వను? వాళ్లూ పట్టాదారులే."

"వాళ్లనే అడిగితే?"

"అడగకూడదు. ఎదురుపడితే బలవంతులు బలహీనుల సగం లాక్కుంటారనే కదా మూడో షరతు పెట్టింది. మొదటి ఏడు ఏం జరిగిందో మీకు గుర్తు లేదా?"

గుర్తుంది. మొదటి ఏడు ఒకటో వరుస ఒక్కటే ఉండేది, షరతులు లేవు. అక్కడ ఒక కుటుంబం మరో కుటుంబాన్ని నడవలో తన్ని తరిమేసింది. కింద మైదానంలో ఇంకా గుడారాలుండేవి. కొండ మీద జాగా ఉన్నది సగం మందికే. రోజును రెండుగా కోస్తే అందరికీ ఇల్లొస్తుందని ఎవరో లెక్క తేల్చారు. నిజంగానే వచ్చింది. ఇప్పుడు గుడారంలో ఎవరూ లేరు. ఈ పథకం తప్పని అనడానికి నూకరత్నానికి కూడా నోరు రాదు.

"నేను ఖాళీ అనకపోతే?" అని అడిగింది.

సన్యాసిరావు బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాడు. "ఆ ఇంటి రెండు సగాల పట్టాలూ రద్దు చేసి మడిచేస్తారు. కొత్తగా ఇల్లు కోసం పేరు రాయించుకున్నవాళ్లకి వెళ్తుంది. మీ సగం కూడా. సాక్షి ఇల్లు ఉద్యోగంతో ముడిపడి ఉంది కదా." ఆమె లేవబోతుంటే మళ్లీ అన్నాడు. "నూకరత్నం గారూ, మీ ఆయన విషయం నాకు తెలుసు. అది మనసులో పెట్టుకుని చెయ్యకండి."

ఆమె లేచి వచ్చేసింది.

తొమ్మిదో వరుసలోని తన పగటి సగంలో ఆ మధ్యాహ్నం ఆమె నిద్రపోలేదు. భర్త కామేశు నాలుగేళ్ల కిందట జ్వరంతో ఈ మంచం మీదే పడుకున్నాడు. సాయంత్రం ఆరవుతుంటే ఆమె డ్యూటీకి వెళ్తూ, విడిదికి వచ్చి కలుస్తానని చెప్పింది. ఆమె నాలుగో వరుసలో ఇల్లిల్లూ తిరిగి ఖాళీ అంటుంటే, ఇక్కడ తొమ్మిదో వరుసలో మరో సాక్షి కామేశును ఎత్తించి ఖాళీ అన్నాడు. ఎనిమిదో ఇంటి దగ్గర ఉండగా బిళ్లలో కబురొచ్చింది, విడిదిలో పరిస్థితి బాగాలేదని. ఇంకా నాలుగు ఇళ్లున్నాయి. ఆ నాలుగూ చూసింది. నాలుగుసార్లు ఖాళీ అంది. పన్నెండు స్వాధీనాలూ చెప్పింది. ఆ తర్వాతే పరుగెత్తింది. విడిదిలో నలభై రెండో మంచం దగ్గరకు చేరేసరికి, ఆ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు.

ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. ఆ నెల సాక్షుల సభలో మెచ్చుకున్నారు కూడా.

*

సాయంత్రం ఆరుకు ముందు వాన మొదలైంది. పడమటి నడవలోకి పగటి కుటుంబాలు సంచులతో దిగుతున్నాయి. నూకరత్నం ఒకటి నుంచి ఆరు దాకా చూసుకుంటూ, ఖాళీ చెప్పుకుంటూ వచ్చింది. ఏడో ఇంటి ముందు విడిది మనుషులిద్దరు చక్రాల మంచంతో నిలబడి ఉన్నారు.

లోపల చిన్నతల్లి తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంచి సర్దుకుని పక్కన పెట్టుకుంది. సాక్షిని చూసి లేవడానికి తల్లి తల కింద చెయ్యి పెట్టింది.

"ఎత్తుదాం రాప్పా," అంది. ఉదయం అడిగిన మాట మళ్లీ అడగలేదు.

నూకరత్నం కదల్లేదు. దేముడమ్మ ఛాతీ ఒకసారి లేచి, మళ్లీ లేవడానికి చాలాసేపు తీసుకుంటోంది. ఆమె విడిది మనుషుల వైపు తిరిగి, "మీరెళ్లండి," అంది. తర్వాత గది దాటి వెళ్లి, తూర్పు తలుపు మీద బిళ్ల ఆనించింది. చూడ్డానికి ఏ తలుపైనా తెరిచే హక్కు సాక్షికి ఉంది. తొమ్మిదేళ్లలో ఆమె ఆ హక్కు ఎప్పుడూ వాడలేదు.

తలుపు అవతల రాత్రి కుటుంబం నిలబడి ఉంది. పెంటకోట తాతారావు, భార్య లోవలక్ష్మి, పదేళ్ల కూతురు. లోవలక్ష్మి కొండ కింద నారుశాలలో రోజంతా నిలబడి మొక్కలు కడుగుతుంది. పాదాలు వాచి చెప్పుల పట్టీలు తెగేలా ఉన్నాయి. అందరికీ లోపలి మంచం కనబడింది.

"ఏమైందండీ?" అంది లోవలక్ష్మి. "ఎవరావిడ?"

"ఈ ఇంటి పగటి యజమాని. పోతన్నారు. ఇంక కొంచెంసేపు."

తాతారావు వెంటనే మొహం పక్కకు తిప్పుకున్నాడు, షరతు గుర్తొచ్చినట్టు. "మేం చూళ్లేదండి," అన్నాడు. "మేమేం చూళ్లేదు. తలుపు వేసెయ్యండి."

"వెయ్యను. మీకు అబద్ధం చెప్పను బాబూ. నేనీయాల ఖాళీ అనను. అనకపోతే ఈ ఇల్లు వాళ్లకీ ఉండదు, మీకూ ఉండకపోవచ్చు. నాదీ పోద్ది. మీరు కాదంటే చెప్పండి, ఎత్తించేస్తాను."

"ఇదేం న్యాయమండీ?" అన్నాడు తాతారావు. "మేమేం చేశాం? రోజంతా కష్టపడి వచ్చి, మా ఇంటి ముందు నిలబడి, మీ ఇల్లు పోద్దంటే వినాలా?"

నూకరత్నం తలుపు రెక్క పట్టుకునే నిలబడింది.

లోవలక్ష్మి మాత్రం ముసలామెను చూస్తోంది. కాసేపటికి చిన్నతల్లిని అడిగింది. "ఆ కిటికీ రెక్క సందులో గుడ్డముక్క దోపేది మీరేనా? జల్లు కొట్టకుండా?"

"అమ్మ దోపీది," అంది చిన్నతల్లి. "మాపుగాలికి కూడా ఊడి రాలేదది. తొమ్మిదేళ్లైంది."

"అదే గుడ్డ కాదు. తడిసి పాడైపోతే నేను తీసేసి వేరేది పెడతాను. ఎన్ని పెట్టానో."

చిన్నతల్లి ఆమె వంక ఆశ్చర్యంగా చూసింది. తర్వాత తల్లి మొహం మీదకు వంగింది.

"ఏవండీ, లోపలికి రండి," అంది లోవలక్ష్మి భర్తతో. అతను కదల్లేదు. "నా వల్ల కాదు. కాళ్లు లాగేస్తున్నాయి. నేను కూర్చుంటాను." గడప దాటి వచ్చి, మంచానికి కొంచెం ఎడంగా గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుంది. కూతురు వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది. తాతారావు మాత్రం సంచి భుజాన అలాగే పెట్టుకుని, సగం లోపల సగం బయట నిలబడిపోయాడు.

నూకరత్నం బిళ్ల ఎత్తింది.

"నాలుగో వరుస, ఏడో ఇల్లు. ఖాళీ కాదు. రెండు కుటుంబాలూ ఉన్నాయి."

ఈసారి గడపలెక్క నమోదైందని అనలేదు. "సాక్ష్యం అర్థం కాలేదు. ఖాళీయా, స్వాధీనమా?"

"రెండు కుటుంబాలూ ఉన్నాయి."

"సాక్ష్యం అర్థం కాలేదు. ఖాళీయా, స్వాధీనమా?"

మూడోసారి కూడా ఆమె అదే చెప్పింది. అలాంటి సాక్ష్యానికి గడపలెక్కలో గడి లేదు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు తలుపులు మూసి ఉంచకూడదని అగ్నిప్రమాదాల కోసం రాసిన నియమం ఒకటి ఉంది. యంత్రం దాన్ని వెతికి పట్టుకుంది. వరుసలోని పన్నెండు ఇళ్లకూ తూర్పు తలుపులూ పడమటి తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. వాన గాలి ఇళ్ల మధ్యగా ఇటునుంచి అటు దూసుకుపోయింది. పడమటి నడవలోని వాళ్లకు తమ ఇంట్లోంచి అవతల తూర్పు నడవ కనబడింది. అక్కడ సంచులు పట్టుకుని తమలాగే నిలబడ్డ మనుషులు కనబడ్డారు.

తర్వాత అరుపులు మొదలయ్యాయి. పదో ఇంటి రాత్రి యజమాని పరుగున వచ్చి నూకరత్నం భుజం పట్టి గుంజాడు. "మా ఇల్లు మాకు ఒప్పజెప్పి ఏమైనా చేసుకో. మా అబ్బాయికి రేపు పరీక్షుంది. నీకేం హక్కుంది?" ఆమె అతని చెయ్యి విడిపించుకోలేదు. రెండో ఇంట్లో ఇద్దరాడవాళ్లు ఒకే వంటగట్టుకు అటూ ఇటూ నిలబడి, ఒకరినొకరు తాకకుండా ఒకరి గిన్నెలు ఒకరు తోసేసుకుంటున్నారు. మూడో ఇంట్లో రెండు కుటుంబాలూ గోడలకు అతుక్కుని నిలబడ్డాయి. నడిమి జాగా వదిలేశాయి.

దేముడమ్మ ఏడు దాటాక పోయింది. ఏ ఊపిరి చివరిదో చిన్నతల్లికి వెంటనే తెలియలేదు. లోవలక్ష్మి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "అయిపోయిందమ్మా," అంది. చిన్నతల్లి గట్టిగా ఏడవలేదు. తల్లి చేతిని తిప్పి అరచెయ్యి చూస్తూ కూర్చుంది. పగటి సగం నీళ్లు ఆరుకే ఆగిపోయాయి. లోవలక్ష్మి తన ఇంటిబిళ్లను గోడకు ఆనించి రాత్రి సగం కుళాయి విప్పి, చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. తాతారావు అడ్డు చెప్పలేదు. లోపలికి కూడా రాలేదు.

*

సన్యాసిరావు వచ్చేసరికి తడిసి ముద్దయి ఉన్నాడు. చేతిలో పలక మీద ఎర్రటి అక్షరాలు కదులుతున్నాయి. శవాన్ని చూసి చెప్పులు విప్పి గడప అవతలే ఆగాడు.

"ఎప్పుడు?"

"ఏడు దాటాక."

అతను పలక మీది వాన నీళ్లు తుడిచాడు. "తొమ్మిదో వరుసలో మీ సగం మడిచెయ్యాలని రాసి ఉంది. రేపు ఉదయం వేరేవాళ్లొస్తారు. ఈ రెండు కుటుంబాలదీ అదే దారి. కానీ ఇంకా పైకి పంపలేదు, నా దగ్గరే ఆపాను." పలక ఆమె వైపు తిప్పాడు. "చనిపోయిన మనిషి నివాసి కాదు, చట్టం ప్రకారం. వీళ్లని నడవలోకి పంపించి, ఒక్క మాట చెప్పండి. ఆలస్యంగా నమోదైందని రాస్తాను. అందరి ఇళ్లూ నిలబడతాయి. మీదీ."

నడవలో అరుపులు ఆగాయి. పదో ఇంటాయన చేతులు జోడించాడు. తాతారావు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"అనీప్పా," అంది చిన్నతల్లి. "అమ్మ ఎలిపోయింది కదా. ఇంక ఎవరికోసం? నేను తీసికెల్లిపోతాను. అనీ."

నూకరత్నం నోరు తెరిచింది. తొమ్మిదేళ్లు రోజుకు ఇరవై నాలుగుసార్లు అన్న మాట. అనాలనే అనుకుంది. లోవలక్ష్మి తడిగుడ్డతో ముసలామె మొహం తుడుస్తోంది. కూతురు చెంబు పట్టుకుని పక్కన నిలబడింది.

"నేను చూసిందే చెప్పాలి కదండీ," అంది. "లోపల మనుషులున్నారు."

సన్యాసిరావు పలక దించేశాడు. కోపం రాలేదు అతనికి, అలసట వచ్చింది. "దీంతో ఏమవుతుందో తెలుసా? రేపో ఎల్లుండో సాక్షులే వద్దంటారు. ఆ పాత చట్టం కొట్టేస్తారు. యంత్రమే చూస్తుంది, యంత్రమే చెప్పుకుంటుంది. ఇంకెవరూ ఇలా అడ్డం నిలబడలేరు. అది మీ చేతుల మీదుగా జరుగుతుంది."

"జరుగుద్ది," అంది ఆమె. అది ఆమెకు తెలుసు.

"మరి?"

చెప్పడానికి ఆమె దగ్గర కారణం లేదు. ఆ మాట నోట్లోంచి రాలేదు, అంతే. పదో ఇంటాయన జోడించిన చేతులు విడదీసి, ఆమె కాళ్ల దగ్గర ఉమ్మేసి వెళ్లిపోయాడు.

పలక మోగింది. సన్యాసిరావు చదివి, ఇంకోసారి చదివాడు. ఐదో వరుసలో పూటమార్పు ఆగిపోయింది. అక్కడి సాక్షి ఎనిమిదో ఇంటి ముందు నిలబడి గంట దాటింది, ఏమీ చెప్పడం లేదు. ఏమని అడిగితే, నాలుగో వరుసలో ఏం తేలుతుందో చూస్తానన్నాడట.

"వాళ్లకేం చెప్పమంటారు?" అని అడిగాడు సన్యాసిరావు. ఆ ప్రశ్న ఎవరిని అడుగుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. తెరిచిన తలుపుల్లోంచి పన్నెండు ఇళ్లలోకీ జల్లు కొడుతోంది. తలుపు మూస్తే ఎటువైపు మూయాలో, మూశాక ఎవరు లోపలున్నట్టో ఎవరికీ తెలియక, రెండు నడవల మనుషులూ భుజాల మీది సంచులు దించకుండా నిలబడే ఉన్నారు.